నిలవ రొట్టె చుట్టూ ఒక భోజనశాల: ట్రెంటో ప్రాజెక్టు డైరీ

జనవరి మొదటి వారం

తాళాలు చేతికొచ్చాయి. ఉత్తర ఇటలీలోని ట్రెంటోలో, పాత ఊరికి ఉత్తరపు అంచున, సాన్ మార్తీనో పేటలో, పాత భవనం కింది అంతస్తు. ముందు గదిలో 24 కుర్చీలకు మించి పట్టవు. వెనక వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు గుమ్మంలో ఆగాల్సిందే. ఒకప్పుడు అదీజె నది ఈ పేట పక్కనుంచే పారేది. 1850లలో రైలు మార్గం కోసం నదిని పడమటికి మళ్లించారు. అంతకుముందు ఇది పడవలవాళ్ల పేట. ఇప్పుడు విద్యార్థులు, రిటైరైనవాళ్లు, సైకిల్ షాపులు. మధ్యాహ్నం తిండికి మంచి చోటే.

పని ఎవరెవరిది అన్నది ముందే రాసిపెడతాను. వంట ఒకావిడది. ఆవిడది వాల్ ది సోలె లోయ. కొండల మీద నడకకొచ్చేవాళ్ల బసల్లో ఏళ్ల తరబడి వండిన చేయి. పేరు పెట్టి ఎవరూ పిలవరు, అందరికీ ‘సినోరా’. సర్వీసు, వైన్లు ఆవిడ మేనల్లుడు చూసుకుంటాడు. లెక్కలు, సరుకు, కాగితాలు నావి. నేను చదువుకోవడానికి ఇక్కడికి వచ్చి ఉండిపోయిన మహబూబ్‌నగర్ దాన్ని. ట్రెంటో యూనివర్సిటీ పోవో క్యాంపస్‌లో ఎమ్మెస్ చేస్తున్న ఖమ్మం కుర్రాడొకడు వారాంతాల్లో గిన్నెల దగ్గర సాయానికి వస్తానన్నాడు. విద్యార్థి పర్మిట్ మీద వారానికి 20 గంటలు మాత్రమే పని చేయొచ్చు కాబట్టి వాడి గంటల లెక్క మొదటి రోజు నుంచే రాయాలి.

ఇటలీ హోటల్ అనగానే పిజ్జా, టమాటా, తులసి వాసన ఊహించుకునే మనవాళ్లకు ఒక మాట. మా మెనూలో టమాటా దాదాపు కనబడదు. ఇది ఆల్ప్స్ కొండల వంట. వెన్న, బంగాళాదుంప, క్యాబేజీ, మొక్కజొన్న, రై పిండి, పొగబెట్టిన పంది మాంసం, జున్ను. 1918 దాకా ఈ ప్రాంతం ఆస్ట్రియా ఏలుబడిలో ఉంది. పళ్లెంలో అది ఇప్పటికీ తెలుస్తుంది.

జనవరి మూడో వారం

పొగగొట్టం పంచాయతీ. వంటగది ఆవిరి, వాసన భవనం కప్పు దాటి పైకి పోవాలి. పాత గొట్టం ఉంది కానీ సన్నం. కొత్తది వేయాలంటే భవనంలో వాటాదార్లందరూ సమావేశంలో ఒప్పుకోవాలి. పై అంతస్తు ఆయన ముందే చెప్పేశాడు: ‘నూనె వాసన నా పరదాలకు పట్టిందంటే ఊరుకోను.’ ఆయన భయం నిజమే. మా పాత ఇంటి కింద మిర్చిబజ్జీల బండి ఉండేది, పరదాల సంగతి నాకూ తెలుసు.

సినోరా అక్కడికక్కడే తేల్చేసింది. డీప్ ఫ్రయర్ ఉండదు, గ్యాస్ ఉండదు, అంతా ఇండక్షన్. దాంతో వాల్ ది నోన్ లోయవాళ్ల ‘తోర్తెల్’ (తురిమిన బంగాళాదుంపను నూనెలో వేయించే రొట్టె) మెనూలోంచి పోయింది. నాకు అదంటే ప్రాణం. అయినా ఆ ఒక్క మాటతో ఓట్లు మావైపు తిరిగాయి. గొట్టం బిగించే మేస్త్రీ మాత్రం రేపు రేపు అంటూ నెలాఖరు దాకా లాగాడు. ఈలోగా కరెంటు లోడు పెంచమని అర్జీ పెట్టాం.

జనవరి చివర

మెనూ మీద మొదటి గొడవ. మేనల్లుడు పలక మీద పెద్ద జాబితా రాశాడు. వాల్తెల్లీనా పిత్సోకెరి (బక్‌వీట్, అంటే కుట్టు పిండి పట్టీలు), వాల్లె దావోస్త ఫొందూతా (కరిగించిన జున్ను), ఫ్రియూలీ ఫ్రీకో (జున్ను, బంగాళాదుంప అట్టు), కోర్తీనా బీట్‌రూట్ కజుంజియేయి (లోపల కూరిన పాస్తా), మా ట్రెంటీనో కనేదెర్లి (రొట్టె ఉండలు). ‘ఆల్ప్స్ మొత్తం ఒకే బల్ల మీద’ అని వాడి సరదా.

సినోరా తడిగుడ్డతో సగం తుడిచేసింది. ‘పక్క లోయ వంటే నాకు సరిగా రాదు, మూడొందల కిలోమీటర్ల అవతలిది ఏం వస్తుంది?’ అంది. ఆవిడ మాటలో నిజం ఉంది. ఆల్ప్స్ వంట అని ఒకటి లేదు, లోయకో వంట ఉంది. అవోస్త వైపు ఫొంతీనా జున్ను. దాన్ని ఆ ప్రాంతపు ఆవుల పచ్చిపాలతోనే చేయాలి, కనీసం 80 రోజులు మాగాలి. వాల్తెల్లీనాలో కసేరా. ఫ్రియూలీలో మొంతాజ్యో. ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే వంటకం పేరు మిగులుతుంది, రుచి మిగలదు.

చివరికి కుదిరిన ఒప్పందం ఇదీ: రోజువారీ మెనూ ట్రెంటీనో, దక్షిణ టిరోల్ వంటలకే పరిమితం. నెలకొక్కటి మాత్రం వేరే లోయ నుంచి చుట్టపుచూపుగా వస్తుంది. మార్చిలో పిత్సోకెరి. మేనల్లుడు అలిగాడు, కాఫీ తాగాక సర్దుకున్నాడు.

ఫిబ్రవరి రెండో వారం

ఈ వారమంతా రొట్టె.

కనేదెర్లి అంటే నిలవ బ్రెడ్డుతో చేసే ఉండలు. జర్మన్ మాట్లాడేవాళ్లు క్నోడెల్ అంటారు. బోల్జానో దగ్గర హోకెప్పన్ కోటలోని చిన్న గుడి గోడమీద, క్రీస్తు పుట్టుక బొమ్మలో, పొయ్యి పక్కన కూర్చుని ఒకావిడ ఇవే తింటూ కనిపిస్తుంది. ఆ బొమ్మ వయసు దాదాపు 800 ఏళ్లు. ఇంత పాత వంటకానికి కొలత కాగితం ఎందుకని సినోరా వాదన. రెండో వంటవాడు వచ్చినప్పుడు ఆవిడ లేకపోతే ఎలాగని నా వాదన. ఆవిడ చేస్తూ ఉంటే నేను పక్కన త్రాసు పెట్టుకుని ప్రతిదీ తూచాను.

తేలిన లెక్క: 300 గ్రాముల బ్రెడ్, సెంటీమీటరు ముక్కలు. పావు లీటరు పాలు. 3 గుడ్లు. 150 గ్రాముల స్పెక్ (పొగ పట్టించి మాగబెట్టిన పంది మాంసం), చాలా సన్నగా తరిగింది. ఒక ఉల్లిపాయ వెన్నలో మెత్తబడేదాకా. పార్స్లీ, చైవ్స్. 40 గ్రాముల మైదా, అదీ చివర్లో, అవసరమైతేనే. కలిపి అరగంట పక్కన పెట్టాలి. ఆ అరగంటే అసలు పని. బ్రెడ్ పాలు పీల్చుకుని మెత్తబడాలి, అలాగని ముద్ద అయిపోకూడదు. లోపల ముక్కలు ముక్కలుగా తెలుస్తూ ఉండాలి. తడి చేతుల్తో, గట్టిగా నొక్కకుండా, దొర్లిస్తూ గుండ్రం చేయాలి. ముందు ఒకే ఒక్కటి నీళ్లలో వేసి చూస్తుంది ఆవిడ. విడిపోతే పిండిలో ఇంకో చెంచా మైదా, గట్టిగా ఉంటే ఇంకో గుటక పాలు. నీళ్లు తెర్లకూడదు, చిన్నగా కదులుతూ ఉండాలి, పావుగంట. బ్రోడోలో (ఎముకలు, మాంసం, కూరగాయలు వేసి గంటల తరబడి మరిగించిన తేట రసం) నేరుగా ఉడికించకూడదు, రసం మసకబారుతుంది. విడిగా ఉప్పునీళ్లలో ఉడికించి, గిన్నెలో పెట్టి, పైన వేడి రసం పోయాలి. తినేటప్పుడు కత్తి పెట్టకూడదు, ఫోర్కుతోనే విడదీయాలి. కత్తి పెడితే వండినావిడను అవమానించినట్టు.

సరుకులో చిక్కు అంతా బ్రెడ్డుదే. తాజాది పనికిరాదు, పాలు పోస్తే జిగురు ముద్దవుతుంది. మూడు రోజులు ఆరింది కావాలి, అలాగని బూజు వాసన ఉండకూడదు. సూపర్ మార్కెట్లో ముందే కోసిన ఎండు ముక్కల ప్యాకెట్లు దొరుకుతాయి. సినోరా ఆ ప్యాకెట్ వాసన చూసి పక్కన పెట్టేసింది. రెండు వీధుల అవతల బేకరీ ఉంది. సాయంత్రం మిగిలిన ఉప్పు తక్కువ తెల్ల బ్రెడ్ రోజూ మాకే ఇవ్వాలని మాట్లాడుకున్నాం. ధర నామమాత్రం.

ఇక్కడే నా లెక్కల పుస్తకం తిరగబడింది. నేను మెనూ రాసి దానికి సరుకు వెతుకుతున్నాను. ఆవిడ సరుకు చూసి మెనూ రాస్తుంది. మూడో రోజు బ్రెడ్డు లోపలి మెత్తన భాగం కనేదెర్లికి. చిన్న ముక్కలు, పాలకూరతో కలిపి స్త్రంగోలాప్రేతికి, అవి వేలెడంత ఆకుపచ్చ ఉండలు, పైన సేజ్ ఆకు వేయించిన వెన్న. పైపెంకులు ఎండబెట్టి పొడి చేసి, వెన్నలో ఎర్రగా వేయించి ఆపిల్ స్ట్రూడెల్‌లో (పలుచటి పిండి రేకులో ఆపిల్ చుట్టి కాల్చేది) పరచడానికి. ఆపిల్‌లోంచి ఊరే రసాన్ని ఆ పొడే పీల్చుకుంటుంది, లేకపోతే అడుగు తడిసి చిరుగుతుంది. ఆపిల్ వాల్ ది నోన్ రెనెత్తా, పులుపు ఎక్కువ, ఉడికితే మెత్తగా కరిగిపోతుంది. రసానికి వాడిన గొడ్డుమాంసం మర్నాడు బంగాళాదుంపలతో పెనంమీద వేగి గ్రోస్ట్‌ల్ అవుతుంది. మిగిలిన కనేదెర్లి చక్రాల్లా కోసి గుడ్డు కొట్టి వేయిస్తే మా నలుగురి మధ్యాహ్నం భోజనం.

ఒకే బేకరీ సంచి, మూడు వంటకాలు. ఇక మెనూ అంటూ విడిగా రాసేదేమీ లేదు, వారం ఎలా తిరుగుతుందో రాసుకుంటే చాలు. పలక చెరిపి అదే రాశాం.

ఫిబ్రవరి మూడో వారం

కార్నివాల్. ట్రెంటీనోలో ఈ రోజుల్లో స్మకాఫామ్ చేస్తారు. బక్‌వీట్ పిండి, పాలు, ఉల్లి, లుకానికా సాసేజ్ కలిపి ఓవెన్‌లో కాల్చే మందపాటి రొట్టె. వాటాదార్లకు తలా ఒక ముక్క పంచాం. పై అంతస్తు ఆయన ఖాళీ పళ్లెం తనే తెచ్చిచ్చాడు. నేను దాన్ని పొగగొట్టం ఖాతాలో జమ వేసుకున్నాను.

ఫిబ్రవరి చివర

గది పని. ఇక్కడి కొండ ఇళ్లలో ‘స్టూబె’ అని ఒక గది ఉంటుంది. గోడలకు, పైకప్పుకు చెక్క, మూలన పెంకుల పొయ్యి, దాని చుట్టూ బల్ల. చలికాలమంతా కుటుంబం ఆ ఒక్క గదిలోనే. మాకూ అదే కావాలి. చిర్మొలో అనే కొండ పైన్ చెక్కకు కోసి ఎన్నాళ్లైనా కమ్మటి వాసన, ధర కూడా అలాగే ఉంటుంది. వెనక గోడ ఒక్కదానికే అది పెట్టించాం. మిగతాదంతా మామూలు స్ప్రూస్.

బల్లల చెక్క కథ వేరు. 2018 అక్టోబరు చివర్లో వచ్చిన ‘వాయా’ తుపాను ఈశాన్య ఇటలీ కొండల్లో లక్షల చెట్లను ఒక్క రాత్రిలో పడగొట్టింది. పడిన చెట్లను తీసేలోపు బెరడు తొలిచే పురుగు పెరిగిపోయి, తర్వాతి ఏళ్లలో నిలబడ్డ చెట్లనూ పట్టింది. ఆ పురుగు మోసుకొచ్చే బూజు వల్ల చెక్కలో నీలి చారలు పడతాయి. బలం తగ్గదు, చూపుకు బాగోదని వ్యాపారులు ధర తగ్గిస్తారు. మా వడ్రంగి అదే తెచ్చాడు. రంగు వేయకుండా నూనె మాత్రం పట్టించమన్నాం. పాలిపోయిన పసుపులో పొగలాంటి నీలి గీత, ఒక్కో బల్లకు ఒక్కోలా. అతిథులకు ఇదేదో డిజైన్ అనిపిస్తుందేమో, అనుకోనీ.

పెంకుల పొయ్యి మాత్రం కుదరలేదు. వాల్ ది నోన్‌లో స్‌ఫ్రూజ్ అనే ఊరు ఈ పొయ్యిలకు పేరుమోసింది, పాతవి ఇంకా ఇళ్లలో ఉన్నాయి. ఒకటి బేరానికి వచ్చింది కూడా. పెడితే నాలుగు కుర్చీలు పోతాయి. నాలుగు కుర్చీలంటే నెల అద్దెలో ఎంతో లెక్కవేసి చూపించాను. సినోరా రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

మార్చి మొదటి వారం

పొలెంటా. స్తోరో అనే ఊళ్లో పండే ముదురు నారింజ రంగు మొక్కజొన్న పిండి తెప్పించాం. కిలో పిండికి నాలుగు లీటర్ల నీళ్లు, ఉప్పు. మరిగే నీళ్లలో వానలా రాలుస్తూ, ఉండ కట్టకుండా తిప్పాలి. తర్వాత ముప్పావుగంట తిప్పుతూనే ఉండాలి. రాగి గుండిగను ఇక్కడ పయోలో అంటారు. మోటారుతో తిరిగే తెడ్డు ఉన్న రకం కొన్నాం. ‘మోటారుకి అడుగంటిన సంగతి ఎలా తెలుస్తుంది?’ అని సినోరా అనుమానం. మొదటి గుండిగ దించాక అడుగున పట్టిన పలచటి మాడు పొరను గోకి తనే తినేసింది. అదే ఆవిడ ఒప్పుకోలు.

గిన్నె ఖాళీ కాకపోతే మిగిలినదాన్ని ట్రేలో పరిచి చల్లార్చి, మర్నాడు బిళ్లలుగా కోసి పెనం మీద కాల్చి, మొయెనా ఊరి ఘాటు జున్ను కరిగించి పోస్తాం. ఆ జున్ను పేరు పుత్సోనె, వాసన గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఫ్రిజ్‌లో దానికి మూతపడే డబ్బా విడిగా కేటాయించాం.

పొలెంటా గురించి ఇంకో సంగతి ఉంది. అది నాకు ఇంటి దగ్గరి విషయం కూడా. మొక్కజొన్న అమెరికా ఖండం నుంచి వచ్చింది. అక్కడివాళ్లు దాన్ని సున్నపు నీళ్లలో నానబెట్టి ఉడికించేవాళ్లు. యూరప్ గింజను తెచ్చుకుంది, సున్నం సంగతి తెచ్చుకోలేదు. ఆ నీళ్లు తగలకపోతే గింజలోని నియాసిన్ విటమిన్ ఒంటికి అందదు. పొలెంటా తప్ప వేరే తిండి లేని ఉత్తర ఇటలీ కూలి కుటుంబాల్లో 18, 19 శతాబ్దాల్లో చర్మం పగిలి, విరేచనాలు పట్టి, చివరికి మతి తప్పే జబ్బు వ్యాపించింది. 1771లో మిలాన్ వైద్యుడు ఫ్రాపొల్లి దాని గురించి రాస్తూ వాడిన పేరే ఇవాళ్టికీ ఉంది: పెల్లగ్రా.

ఇదే జబ్బు మన దక్కన్‌లో జొన్నలే ప్రధానంగా తినే పేదల్లో కనిపించింది. హైదరాబాద్‌లో, తర్వాత జాతీయ పోషకాహార సంస్థగా మారిన ప్రయోగశాలలో గోపాలన్, శ్రీకాంతియా దాన్ని పరిశోధించారు. జొన్నలో ల్యూసిన్ ఎక్కువగా ఉండటమే కారణం కావచ్చని 1960లో ప్రకటించారు. మా నానమ్మ వాళ్ల ఊళ్లో జొన్న గటక ఒక్కటే తిని బతికిన ఏళ్ల గురించి ఇంట్లో విన్నదాన్ని. సినోరాకు ఇదంతా చెప్తే, వాళ్ల ముత్తాతల కాలంలో ఎండు చేపను దారానికి వేలాడదీసి, పొలెంటా ముద్దను దానికి అద్దుకుని తినేవారని విన్నట్టు చెప్పింది. అందుకే మా మెనూలో పొలెంటా ఒంటరిగా రాదు. జున్నో, మాంసమో, కనీసం వేయించిన పుట్టగొడుగులో పక్కన ఉంటాయి. పేదరికపు వంటను ఖరీదైన పళ్లెంలో పెట్టి ముచ్చటపడటం నాకెప్పుడూ కాస్త ఇబ్బందే.

మార్చి రెండో వారం

కాగితాలు. వేగంగా రాసేస్తాను, ఎందుకంటే విసుగు. ఇక్కడ హోటల్ తెరవడానికి ‘షీయా’ అనే ప్రకటన మునిసిపాలిటీ పోర్టల్‌లో దాఖలు చేయాలి. దాఖలు చేసిన రోజు నుంచే వ్యాపారం మొదలుపెట్టొచ్చు, తనిఖీ తర్వాత వస్తుంది. అంటే అనుమతి తొందరగానే దొరుకుతుంది, టెన్షన్ మాత్రం తర్వాత రెండు నెలలు.

యూరప్ నిబంధన ప్రకారం 14 రకాల అలెర్జీ పదార్థాలు ఏ వంటకంలో ఏవి ఉన్నాయో రాసి చూపాలి. మా వంటలో గోధుమ, పాలు, గుడ్డు లేని పళ్లెం వెతకాలి. బ్రోడోలో సెలెరీ కూడా ఆ జాబితాలోదే. వేడి వంట చల్లార్చడానికి బ్లాస్ట్ చిల్లర్ కొన్నాం, గంటన్నరలో నడిమధ్య 3 డిగ్రీలకు దించుతుంది. బడ్జెట్‌లో ఇండక్షన్ పొయ్యి తర్వాత పెద్ద ఖర్చు అదే. పోనీ మానేద్దామంటే రసం, ఉడికిన మాంసం, పొలెంటా, అన్నీ మర్నాటికి వాడే వంట మాది. అది లేకుండా కుదరదు.

పాత బ్రెడ్డుకు కూడా జాతకం కావాలి. ఏ బేకరీ నుంచి, ఏ రోజు వచ్చింది, ఎప్పటిలోగా వాడాలి. రోజుకో రంగు గుడ్డసంచి, మీద తేదీ చీటీ. సోమవారం నీలం, మంగళవారం తెలుపు, అలా. ఖమ్మం తమ్ముడు కట్టిన పద్ధతి ఇది. ‘అక్కా, ముందొచ్చింది ముందు పోవాలి, డేటా స్ట్రక్చర్స్‌లో మొదటి పాఠం’ అన్నాడు. వాడి ఫీజు డబ్బులు వృథా పోలేదు.

వాడికే ఇంకోరోజు శ్యూటెల్‌బ్రోట్ రుచి చూపించాం. అప్పడమంత పలుచగా, కరకరలాడే రై రొట్టె. కొండ పొలాల ఇళ్లలో ఏడాదికి కొన్నిసార్లే రొట్టె కాల్చేవాళ్లు, కాబట్టి మొదటి నుంచే ఎండిపోయేలా చేసిన రొట్టె. ఒక ముక్క కొరికి ఆగిపోయాడు. ‘అక్కా, మెంతులు వేశారా?’ వేశారు, దాదాపుగా. నీలి పూల మెంతి అని మన మెంతికి దాయాది మొక్క ఆకు పొడి అందులో ఉంటుంది, సోపు గింజలతో పాటు. ఆ రాత్రి వాడు ఒక ప్యాకెట్ పట్టుకుపోయాడు, రూంలో పెరుగుతో తింటాడట.

మార్చి మూడో వారం

చుట్టపుచూపు వంటకం: పిత్సోకెరి. తెల్యో అనే ఊరు దీని పుట్టిల్లు, అక్కడ ఈ వంటకం కోసం ఒక అకాడమీయే ఉంది. వాళ్ల కొలత ప్రకారం నలుగురికి 400 గ్రాముల బక్‌వీట్ పిండి, 100 గ్రాముల గోధుమ పిండి. 200 గ్రాముల వెన్న అన్న చోట నేను చదవడం ఆపి మళ్లీ చూశాను. నిజమే.

బక్‌వీట్ గోధుమ జాతి కాదు, గ్లూటెన్ ఉండదు. అందుకే పిండి సాగదు, కర్ర పెట్టి ఒత్తితే అంచులు చిట్లుతాయి. ఆ 100 గ్రాముల గోధుమే మొత్తాన్ని పట్టుకోవాలి. జొన్న రొట్టెకు పిండిని మరిగే నీళ్లతో తడిపినట్టు దీన్ని కూడా తడిపి చూద్దామన్నాను. సినోరా మొహం చిట్లించింది. సగం పిండి వేడినీళ్లతో, సగం మామూలు నీళ్లతో కలిపి పక్కపక్కనే ఒత్తాం. వేడినీళ్లది అంచు చిట్లకుండా వచ్చింది. ఉడికాక మాత్రం కాస్త మెత్తబడింది, పంటికింద ఆ గరుకు తగ్గింది. వాల్తెల్లీనావాళ్లు ఆ గరుకు కోసమే తింటారట. కాబట్టి మామూలు నీళ్లే, ఓపికగా.

బంగాళాదుంప, ముడతల క్యాబేజీ ఉడుకుతున్న నీళ్లలోనే పట్టీలు వేసి పది నిమిషాలు. జల్లెడ గరిటెతో తీసి పళ్లెంలో ఒక పొర, కసేరా జున్ను ఒక పొర, మళ్లీ అదే. చివర్లో వెల్లుల్లి, సేజ్ వేసి ఎర్రగా కాగిన వెన్న చర్రుమని పోయాలి. కలపకూడదు. ఒక్క పళ్లెం తిన్నాక పని చేయాలనిపించదు, మధ్యాహ్నం మెనూలో సగం పళ్లెం మాత్రమే ఇద్దామని తీర్మానం.

మార్చి చివర

పేటవాళ్లకు ట్రయల్ భోజనాలు పెట్టాం. వచ్చిన ఫిర్యాదులు, పనికొచ్చేవి మాత్రమే: గదిలో మాటలు ప్రతిధ్వనిస్తున్నాయి (చెక్క గోడ ఉన్న వైపు బాగుంది, రాతి గోడ వైపు బాలేదు, అక్కడ ఉన్ని దుప్పటి వేలాడదీస్తున్నాం). స్పెక్ ముక్క మందంగా ఉంది. ఇది వాదించాల్సిన విషయం. స్పెక్‌ను కాస్త ఉప్పు, కాస్త పొగ, బోలెడంత గాలి అన్న సూత్రంతో చేస్తారు. పొగ కూడా 20 డిగ్రీలు దాటకుండా చల్లగా పట్టిస్తారు, ఐదారు నెలలు మాగుతుంది. రోడ్డువార యంత్రంతో కాగితంలా కోసేది టూరిస్టుల కోసం. ఇక్కడివాళ్లు చెక్కపలక మీద కత్తితో వేలెడు ముక్కలు కోసుకుని తింటారు. మందంగానే ఉంచాం.

తమ్ముడి స్నేహితులు నలుగురొచ్చారు, ఇద్దరు శాకాహారులు. స్త్రంగోలాప్రేతి తినొచ్చా అని అడిగారు. గుడ్డు తింటామన్నారు కాబట్టి తినొచ్చనే అనబోయి, పైన తురిమే ట్రెంటిన్‌గ్రానా గుర్తొచ్చింది. ఆ జున్ను పాలు విరగ్గొట్టడానికి దూడ కడుపులోంచి తీసిన రెనెట్ వాడతారు. చెప్పాను. ఒకమ్మాయి జున్ను వద్దంది, ఇంకొకతను ‘అక్కా, చెప్పకుండా ఉండాల్సింది’ అంటూనే వేయించుకున్నాడు. మెనూ కార్డులో ఇప్పుడు జున్ను పక్కన ఆ సంగతి ఒక వాక్యంలో ఉంది. మేనల్లుడికి అది ఎందుకో మొదట అర్థం కాలేదు. పొరుగు బల్ల ఇటాలియన్ శాకాహారి ఆశ్చర్యపోయి చదివినప్పుడు అర్థమైంది.

వైన్ల జాబితా చిన్నది. ఎరుపు తెరోల్దెగో, తెలుపు నోజియోలా. భోజనం చివర వీనో సాంతో అనే తియ్యటి వైన్ ఒక చిన్న గ్లాసు. నోజియోలా ద్రాక్ష గుత్తులను అటకల మీద పరిచి నెలల తరబడి గాలికి ఎండనిచ్చి, ఈస్టర్ ముందు వారంలో పిండుతారు. దాన్ని కూడా ఎండురొట్టె బంధువుగానే లెక్కేసుకున్నాను, సినోరా నవ్వింది.

ఏప్రిల్ రెండో వారం

తెరిచాం. మధ్యాహ్నాలు నిండుతున్నాయి, మంగళ, బుధవారం రాత్రులు సగమే. కనేదెర్లి అన్నిటికంటే ఎక్కువ పోతోంది, దాని తర్వాత గ్రోస్ట్‌ల్. పిత్సోకెరి అడిగినవాళ్లలో సగంమంది వాల్తెల్లీనా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లే, వాళ్లు పరీక్ష పెట్టడానికి వస్తున్నారు. పై అంతస్తు ఆయన ఫ్యాన్ చప్పుడు గురించి అడిగాడు. రాత్రి పది తర్వాత తక్కువ వేగానికి మారేలా టైమర్ పెట్టించాం.

జంబానా ఊరి తెల్ల ఆస్పరాగస్ దిగింది. ఉడికించి, పక్కన ఉడికిన గుడ్డు, నూనె, వెనిగర్ ఇస్తాం, తినేవాళ్లే పళ్లెంలో చిదుముకుని కలుపుకుంటారు. ఎండలు ముదిరితే వేడి రసంలో కనేదెర్లి అడిగేవాళ్లు తగ్గుతారు. అప్పుడు అవే ఉండలు జున్నుతో చేసి, వెన్న పోసి, పక్కన సన్నగా తరిగిన క్యాబేజీ సలాడ్‌తో ఇవ్వాలని సినోరా ఆలోచన. నా తలనొప్పి వేరు. బేకరీ ఆగస్టులో సెలవుల కోసం మూసేస్తారు, ఊళ్లో సగం షాపులు అంతే. పైగా వేసవి తేమకు బ్రెడ్ ఆరేలోపే బూజు పడుతుంది. ఓవెన్‌ను రాత్రి 50 డిగ్రీల మీద వదిలి ఆరబెట్టి, జూలై నుంచే సంచులు నిలవ చేయాలి. కరెంటు బిల్లు లెక్క వేసి వచ్చే వారం రాస్తాను. రంగు సంచులు సరిపోవు, ఇంకో డజను కుట్టించాలి.